విదేశీ కొనుగోలుదారు డబ్బు ఆలస్యం చేస్తే పేపాల్ ఇన్వాయిస్ ఎంతవరకు ఆదుకుంటుంది?

పొందూరు పంచె, బొబ్బిలి వీణ, బుడితి ఇత్తడి చెంబు. వీటిని వాట్సాప్‌లో ఫొటో చూసి డల్లాస్ నుంచో లండన్ నుంచో ఆర్డరు చెప్పేవాళ్లున్నారు. ఆర్డరు పట్టుకోవడం ఒక ఎత్తు, డబ్బు చేతికి రావడం ఇంకో ఎత్తు. ఊళ్లో బాకీ అయితే ఆ మనిషి ఇంటికెళ్లి అరుగు మీద కూర్చుని అడగొచ్చు. సముద్రం అవతలి మనిషిని ఎలా అడగాలి, ఎప్పుడు అడగాలి, అడిగినా ఇవ్వకపోతే ఏం చేయాలి అన్నది శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల చేతిపని వాళ్లకు ఇప్పుడు నిజమైన సమస్య. ఆ సమస్యను దృష్టిలో పెట్టుకునే పేపాల్ ఇన్వాయిస్ సేవను, అంటే ఆన్‌లైన్‌లో బిల్లు పంపి విదేశం నుంచి డబ్బు తీసుకునే పద్ధతిని, ఇక్కడ తూచి చూస్తున్నాం.

మా లెక్క ముందే చెప్పేస్తాం. సరుకు గడప దాటకముందు ఈ సేవకు ఐదుకు నాలుగున్నర మార్కులు. గడప దాటాక ఒకటిన్నర. చాలామంది దీన్ని బాకీ వసూలుకు వాడాలని చూసి నిరాశపడతారు. బయానా తీసుకోవడానికి, మిగతా సొమ్ము వచ్చేదాకా సరుకు ఆపి ఉంచడానికి వాడితే దీని విలువ తెలుస్తుంది.

ఖాతా తెరవడం పెద్ద పని కాదు. బిజినెస్ ఖాతాయే తీసుకోవాలి. పాన్, బ్యాంకు ఖాతా, పర్పస్ కోడ్ (విదేశీ సొమ్ము దేనికి వచ్చిందో చెప్పే సంకేతం) అడుగుతుంది. పర్పస్ కోడ్ దగ్గర తొందరపడి ఏదో సాఫ్ట్‌వేర్ సేవల కోడ్ ఎంచుకుంటే తర్వాత బ్యాంకు కాగితాలకూ మీ ఎగుమతి కాగితాలకూ పొంతన కుదరదు. సరుకుల ఎగుమతికి సంబంధించినదే ఎంచుకోండి. మన దేశంలో పేపాల్ ఖాతాలో డబ్బు నిల్వ ఉంచుకునే వీలు లేదు. వచ్చిన సొమ్ము దానంతట అదే మీ బ్యాంకు ఖాతాకు వెళ్లిపోతుంది. డాలరు రేటు పెరిగాక మార్చుకుందామనే ఆలోచన ఇక్కడ సాగదు.

ఇన్వాయిస్ తయారు చేసి పంపడానికి ఖర్చేమీ లేదు, డబ్బు వచ్చినప్పుడే రుసుము పడుతుంది. విదేశీ చెల్లింపుకు మామూలు రేటు 4.4 శాతం, దాని మీద 30 సెంట్లు. డాలర్లను రూపాయల్లోకి మార్చేటప్పుడు మార్కెట్ రేటు కంటే 3, 4 శాతం తక్కువ కడుతుంది. 100 డాలర్ల ఇన్వాయిస్‌లో 4.70 రుసుముగా పోతే 95.30 మిగులుతుంది. మారకంలో తరుగు కూడా తీసేస్తే మీ చేతికి వచ్చేది సుమారు 92 డాలర్ల విలువ. అంటే 100 డాలర్లు నికరంగా కావాలంటే ధర 109 దగ్గర పెట్టుకోవాలి. రుసుమును విడి వరసగా చూపిస్తే కొనేవాళ్లు బేరానికి దిగుతారు, ధరలోనే కలిపేయండి. డబ్బును రెండు విడతలుగా తీసుకుంటే అదనంగా పడేది ఇంకో 30 సెంట్లే. ఆ 30 సెంట్లు ఈ వ్యాపారంలో అన్నిటికన్నా మంచి ఖర్చు, ఎందుకో కింద చూడండి.

ఇన్వాయిస్‌లో పాక్షిక చెల్లింపును అనుమతించే మీట ఒకటి ఉంటుంది. దాన్ని నొక్కితే కనీసం ఎంత కట్టాలో మీరే రాయవచ్చు. మొత్తం విలువకు ఒకటే ఇన్వాయిస్ చేసి, ఆ కనీస మొత్తంగా బయానా రాయండి. బయానాకొకటి, మిగతాదానికొకటి విడివిడిగా చేసేవాళ్లున్నారు గానీ మేం ఒకటే మేలంటాం. మొత్తం ఎంత, కట్టింది ఎంత, బాకీ ఎంత అన్నది కొనేవాళ్లకు ఒకే పేజీలో కనిపిస్తుంది. రేపు పోస్టాఫీసు ఎగుమతి బిల్లులో రాసే ఇన్వాయిస్ నంబరు, విలువ కూడా దానితోనే సరిపోతాయి. ఒక లోటు ఉంది. ఇన్వాయిస్‌కు గడువు తేదీ ఒక్కటే. బయానాకు వేరే తేదీ పెట్టలేరు కాబట్టి ఆ సంగతి గమనిక గడిలో రాయాల్సిందే.

గడువు పెట్టేటప్పుడు ‘నెట్ 30’ లాంటివి వద్దు. అది ఇన్వాయిస్ తేదీ నుంచి 30 రోజులు. కొనేవాళ్లు దాన్ని సరుకు అందాక 30 రోజులు అనుకుంటారు. సగం ఆలస్యాలు మోసం వల్ల కాదు, ఇలాంటి అపార్థం వల్లే వస్తాయి. క్యాలెండరు చూసి ఫలానా తేదీ అని రాయండి.

బయానా ఎంత? అల్మరాలో సిద్ధంగా ఉన్న సరుకైతే మొత్తం డబ్బు ముందే. ఇందులో మొహమాటానికి తావు లేదు, ఏ ఆన్‌లైన్ దుకాణమైనా చేసేది అదే. చెప్పాక నేసే పంచెల జతకైనా, చెప్పాక పోత పోసే చెంబుకైనా సగం. పేరు చెక్కిన బొమ్మ వీణ, ప్రత్యేక కొలతతో చేయించిన వస్తువు లాంటివి, అంటే ఇంకొకరికి అమ్మలేనివి, వాటికి 70 శాతానికి తగ్గొద్దు. సూత్రం ఒకటే: కొనేవాడు మాయమైపోయినా ముడిసరుకు, కూలి చేతిలో ఉండాలి. పొందూరు సన్న నూలు రాట్నం మీద తయారవడానికి, ఏకాండి వీణకు (ఒకే మానులో తొలిచేది) పనస మాను దొరకడానికి నెలలు పట్టొచ్చు. ఆ నెలల కూలిని నేతగాడో, వడ్రంగో అప్పు చేసి భరించకూడదు.

ఇక గమనిక గడి. ఇన్వాయిస్‌లో ఎక్కువమంది ఖాళీగా వదిలేసేదీ, ఆపద వేళ అక్కరకొచ్చేదీ ఇదే. ఇందులో కనీసం ఈ మాటలు ఉండాలి: బయానా అందాకే పని మొదలు, పూర్తయ్యాక ఫొటో, వీడియో పంపుతాం, అవి చూసిన 7 రోజుల్లో మిగతా సొమ్ము, అది అందాకే పార్సిల్, గడువు దాటి 15 రోజులైతే ఆర్డరు రద్దు, బయానాలోంచి ముడిసరుకు, కూలి మినహాయించి మిగతాది వాపసు. వాపసు ఇచ్చినా పేపాల్ మొదట కోసుకున్న రుసుము మీకు తిరిగి రాదు. ఆ సంగతీ రాయండి.

దాంతోపాటు సరుకు స్వభావం రాయాలి. ‘ఫొటోలో ఉన్నట్టు లేదు’ అనే ఫిర్యాదు విషయంలో పేపాల్ అమ్మేవాళ్లకు ఇచ్చే రక్షణ పనిచేయదు. ఆ రక్షణ ప్రధానంగా సరుకు అందలేదన్న ఫిర్యాదుకూ, ఖాతాదారుకు తెలియకుండా జరిగిన చెల్లింపుకూ మాత్రమే. చేత్తో వడికిన నూలులో సన్నం లావు సహజమని, తానుకూ తానుకూ రంగు కొంచెం మారుతుందని, ఉతికితే ఎంత ముడుచుకుంటుందో ముందే రాయండి. ఇత్తడి, కంచు గాలికి రంగు మారుతుంది, చిలుము పడితే చింతపండుతో తోమాలి అని రాయండి. వీణకు మరీ జాగ్రత్త. 24 మెట్లూ మైనంలో కూర్చి ఉంటాయి. విమానంలో చలికి, గోదాములో ఎండకు మైనం బీటలు వారవచ్చు, మెట్టు కదలవచ్చు. అందాక మేళం (మెట్ల అమరిక) సరిచేయించుకోవాల్సి రావచ్చని ఇన్వాయిస్‌లోనే ఒప్పించుకుంటే తర్వాత గొడవ ఉండదు. పంపేముందు 7 తీగలూ మీటుతూ తీసిన వీడియో ఇద్దరి దగ్గరా ఉండాలి. ఖాదీ అనే మాట వాడేముందు కూడా ఆలోచించండి. 2013 ఖాదీ మార్క్ నిబంధనల ప్రకారం ఆ ముద్ర ఉన్నదాన్నే ఖాదీగా అమ్మాలి. ముద్ర లేని బట్టకు ఆ పేరు రాస్తే వివాదంలో అది మీ మీదికే తిరుగుతుంది.

డబ్బు వచ్చిందని మెయిల్ చూడగానే పార్సిల్ కట్టేయకండి. మూడు సంగతులు చూడాలి. మొదటిది, మెయిల్‌లోని లింకు నొక్కకుండా మీరే పేపాల్ తెరిచి ఖాతాలో చూడండి. ‘డబ్బు పంపాం, ట్రాకింగ్ నంబరు ఇస్తే విడుదలవుతుంది’ అనే దొంగ మెయిళ్లు చాలా పాత ఎత్తు. అడిగినదానికన్నా ఎక్కువ పంపి, తేడా వేరే దారిలో తిరిగి పంపమనడం కూడా ఆ కోవలోదే. రెండోది, అమెరికా వాళ్లు బ్యాంకు ఖాతా నుంచి ఈ-చెక్ రూపంలో కడితే అది తేలడానికి కొన్ని పనిదినాలు పడుతుంది. అప్పటిదాకా ‘పెండింగ్’ అని ఉంటుంది, ఆలోగా వెనక్కి పోవచ్చు కూడా. ‘కంప్లీటెడ్’ అని కనిపించాకే పోస్టాఫీసు దారి పట్టండి. మూడోది, కొత్త ఖాతాల్లో సొమ్మును 21 రోజుల దాకా ఆపి ఉంచవచ్చు. ఇది కొనేవాడి ఆలస్యం కాదు, అతన్ని నిందించి పోగొట్టుకోవద్దు. ట్రాకింగ్ నంబరు ఎక్కిస్తే తొందరగా వదులుతారు.

పార్సిల్ సంగతి వసూలుతో గట్టిగా ముడిపడి ఉంది. తపాలా శాఖ 2022లో మొదలుపెట్టిన డాక్ ఘర్ నిర్యాత్ కేంద్రాల ద్వారా పోస్టల్ బిల్ ఆఫ్ ఎక్స్‌పోర్ట్‌ను (పోస్టాఫీసు ఎగుమతి బిల్లు) ఇంటి నుంచే ఆన్‌లైన్‌లో నింపి, లేబుల్ అచ్చు తీసుకుని వెళ్లవచ్చు. మీకు దగ్గరి కేంద్రం ఏదో జిల్లా హెడ్ పోస్టాఫీసులో చెబుతారు. దీనికి ఐఈసీ (ఎగుమతి, దిగుమతిదారుల కోడ్) ఉండాలి, విదేశీ వాణిజ్య డైరెక్టరేట్ దగ్గర రుసుము 500 రూపాయలు. బిల్లులో విలువ ఇన్వాయిస్‌లో ఉన్నదే రాయండి. 150 డాలర్ల సరుకుకు ‘గిఫ్ట్ అని రాసి 20 డాలర్లు వేయండి’ అని కొందరు అడుగుతారు. ఒప్పుకుంటే పార్సిల్ పోయినప్పుడు పరిహారం 20 డాలర్లకే అడగగలరు, 150 డాలర్లు బ్యాంకుకు ఎందుకొచ్చాయో చెప్పుకోలేరు, వివాదంలో మీ కాగితమే మీకు ఎదురు సాక్ష్యం చెబుతుంది.

అమెరికాకు 2025 ఆగస్టు 29 నుంచి 800 డాలర్ల లోపు సరుకుకున్న సుంకం మినహాయింపు పోయింది. ఆ నెలలోనే ఆగిన మన తపాలా పార్సిళ్లు అక్టోబరు 15న తిరిగి మొదలయ్యాయి, సుంకం ఇక్కడే బుకింగ్‌లో ముందుగా కట్టే పద్ధతిలో. సుంకం శాతం ఆ తర్వాతా మారుతూ వచ్చింది కాబట్టి పంపే వారంలోనే కనుక్కోండి. ఇన్వాయిస్‌లో సుంకం విడి వరసగా వేసి, ‘ఫలానా తేదీ దాకా ఉన్న రేటు ఇది, మారితే తేడా మీది’ అని రాయాలి. లేకపోతే ఆ తేడా దగ్గర మాటలు మొదలై మిగతా సొమ్మంతా ఆగిపోతుంది. ఇతర దేశాల్లో అందుకునేవాళ్లే పన్ను కట్టాల్సి వస్తే, ఎవరు కట్టాలో ముందే తేల్చుకోండి. పన్ను చూసి పార్సిల్ వద్దన్న మనిషి బాకీ కడతాడని ఆశ పెట్టుకోలేం. నిలువెత్తు వీణ పెట్టె తపాలా కొలతల్లో ఇమడకపోవచ్చు, అప్పుడు కొరియరో ఎయిర్ కార్గోనో చూడాలి. దాని ఖర్చు పెద్దది కాబట్టి అదీ మిగతా సొమ్ముతో కలిపి ముందే రావాలి.

పంపే చిరునామా పేపాల్ లావాదేవీ వివరాల పేజీలో ఉన్నదే అయి ఉండాలి. డబ్బు కట్టాక వాట్సాప్‌లో ‘మా చెల్లి న్యూజెర్సీలో ఉంది, అక్కడికి పంపేయండి’ అంటే, మర్యాదగానే కాదనండి. సొమ్ము వాపసు ఇచ్చి, కొత్త చిరునామాతో మళ్లీ కట్టించుకోవడం ఒక్కటే దారి. చిరునామా మారితే ‘అందలేదు’ అన్న ఫిర్యాదులో మీకున్న రక్షణ పోతుంది. 750 డాలర్లు, ఆ పైన ఉంటే సంతకం తీసుకుని అందించిన రుజువు కూడా కావాలి. కొనేవాళ్లకు ఫిర్యాదు చేసే గడువు చెల్లించిన నాటి నుంచి 180 రోజులు. మీరు జవాబివ్వడానికి మాత్రం పది రోజులకు మించి ఉండదు, కాబట్టి నెలకొకసారి మెయిల్ చూసే అలవాటు ఈ పనికి సరిపడదు. ఇన్వాయిస్, ఫొటోలు, పోస్టాఫీసు రసీదు, ట్రాకింగ్ పేజీ స్క్రీన్‌షాట్ ఒకే ఫోల్డరులో ఉంచుకోండి.

గడువు దగ్గరపడ్డాక ఏం చేయాలి? ఇన్వాయిస్ పేజీలో గుర్తుచేసే మీట ఉంది, దానికి మీ సొంత మాట జోడించవచ్చు. గడువుకు 3 రోజుల ముందు ఒకటి, గడువు రోజున ఒకటి, దాటాక 3, 7, 14 రోజులకు ఒక్కొక్కటి చాలు. రోజూ పంపితే మెయిల్ చెత్తబుట్టలోకి పోతుంది. వేళ కూడా ముఖ్యం. మన సాయంత్రం ఏడున్నర అంటే చలికాలంలో న్యూయార్క్‌లో ఉదయం 9, వేసవిలో అయితే అక్కడి 9 గంటలకు మనకు ఆరున్నర. లండన్‌కు మధ్యాహ్నం రెండున్నర, వేసవిలో ఒకటిన్నర. కాలిఫోర్నియాకు రాత్రి పదిన్నర, వేసవిలో తొమ్మిదిన్నర. వాళ్లు నిద్రలో ఉండగా పంపిన మెయిల్ తెల్లారేసరికి వంద మెయిళ్ల అడుగున పడి ఉంటుంది.

ఆలస్య రుసుమును పేపాల్ తనంతట తాను కలపదు. నెలకు ఇంత శాతం వడ్డీ అని రాసినంత మాత్రాన వసూలు కాదు కూడా. అంతకన్నా ‘మిగతా సొమ్ము వస్తేనే పార్సిల్’ అన్న ఒక్క మాటకు బలం ఎక్కువ. మూడోసారి గుర్తుచేసేటప్పుడు రాసే మాట ఇలా ఉండొచ్చు:

‘నమస్తే అండీ. మీ పంచెల జత సిద్ధమై ఈ నెల 4 నుంచి మా దగ్గర భద్రంగా ఉంది. మిగతా 60 డాలర్లు 26వ తేదీలోగా అందితే 27న పోస్టు చేస్తాం, పెళ్లి నాటికి చేరుతుంది. కార్డుతో ఇబ్బంది ఉంటే చెప్పండి, ఇంకో దారి చూద్దాం. 26 దాటితే ఇన్వాయిస్‌లో రాసుకున్నట్టు ఆర్డరు రద్దు చేయాల్సి వస్తుంది.’

ఇందులో నింద లేదు, తేదీలు ఉన్నాయి, ఆలస్యమైతే వాళ్లకేం నష్టమో ఉంది. విదేశాల్లోని తెలుగువాళ్లకు తెలుగులోనే రాయండి, మనిషి రాశాడని తెలుస్తుంది. బాకీలు పేరుకునేది కూడా వాళ్ల దగ్గరే ఎక్కువ. ‘మనవాళ్లే కదా, ఫలానా వారి అల్లుడు కదా’ అని బయానా అడగడానికి నోరు రాదు. ఇన్వాయిస్ పద్ధతి ఇక్కడ చేసే ఉపకారం ఇంకొకటి ఉంది. అడిగేది మీరు కాదు, కాగితం. ‘అందరికీ ఇదే పద్ధతండి’ అని లింకు పంపితే ఎవరూ నొచ్చుకోరు.

ఆ బంధువర్గం నుంచే ఇంకో చిక్కు వస్తుంది: ‘విశాఖలో మా అక్క ఫోన్‌పే చేస్తుంది లెండి’. డబ్బు ఆ రోజే వస్తుంది, నిజమే. కానీ సరుకు డాలర్ల బిల్లు మీద దేశం దాటింది, దానికి ఎదురుగా విదేశం నుంచి పైసా రాలేదు. బ్యాంకు లెక్కలో ఆ ఎగుమతి బిల్లు తెరిచే ఉండిపోతుంది. కొనేవాళ్ల సొంత ఎన్ఆర్ఈ ఖాతా (ప్రవాస భారతీయులు ఇక్కడి బ్యాంకులో తెరిచే ఖాతా) నుంచి వస్తే అది వేరు, దాన్ని ఎగుమతి సొమ్ముగా తీసుకుంటారు. పంపేముందు మీ బ్యాంకులో చెప్పి చేయించుకోండి. అక్కగారు కట్టేట్టయితే సరుకు కూడా అక్కగారికే అమ్మి, ఇక్కడి బిల్లు ఇవ్వడం శుభ్రమైన దారి.

బాకీ ఉండగానే సరుకు వెళ్లిపోయిందా? అక్కడే మా ఒకటిన్నర మార్కు. ఇన్వాయిస్ గుర్తుచేస్తుంది, అంతే. కట్టనివాడి మీద పేపాల్ ఏ చర్యా తీసుకోదు. ఇంకా బట్వాడా కాకపోతే వెనక్కి రప్పించమని బుక్ చేసిన పోస్టాఫీసులో దరఖాస్తు ఇవ్వొచ్చు, అన్ని దేశాలూ ఒప్పుకోవు. ఉద్యమ్ (చిన్న పరిశ్రమల) నమోదు ఉంది కదా, కొన్నవాళ్లు 45 రోజుల్లో డబ్బు కట్టాలన్న నిబంధన కాపాడుతుందనుకోవద్దు. ఆ చిన్న పరిశ్రమల చట్టం కింద బాకీ ఫిర్యాదులు వినే ఫెసిలిటేషన్ కౌన్సిల్ విచారించేది మన దేశంలోని కొనుగోలుదారుల మీద ఫిర్యాదులనే. 150 డాలర్ల కోసం అక్కడి కోర్టుకెక్కితే ఖర్చే ఎక్కువ.

విదేశీ దుకాణాలు టోకుగా కొని 30, 60 రోజుల అరువు అడిగితే పేపాల్ సరైన దారి కాదు. 2000 డాలర్ల మీద రుసుమే 88.30, మారకం తరుగు కలిపితే 145 నుంచి 165 డాలర్లు పోతాయి. అంత సొమ్ముకు బ్యాంకు నుంచి బ్యాంకుకు స్విఫ్ట్ బదిలీ చవక. పంపేటప్పుడు చార్జీల గడిలో ‘అవర్’ ఎంచుకోమని చెప్పండి, అంటే ఖర్చులు పంపేవాళ్లవి. లేకపోతే దారిలోని బ్యాంకులు తలా కొంత కోసుకుంటాయి, ఆ లోటు మళ్లీ బాకీగా మిగులుతుంది. ముందస్తు సొమ్ముకు పర్పస్ కోడ్ పి0103. చిన్న ఊళ్ల శాఖలు విదేశీ మారకం పనిని పెద్ద శాఖకు పంపుతాయి కాబట్టి ఆ రోజులు లెక్కలో ఉంచుకోండి. అరువు ఇవ్వక తప్పకపోతే ఈసీజీసీ బీమా అడగండి. కొనేవాడు దివాలా తీసినా, చాలాకాలం కట్టకపోయినా కాపాడేందుకే పెట్టిన ప్రభుత్వ సంస్థ అది. వెబ్‌సైట్లలో చిల్లరగా అమ్మేవాళ్లకు, ఎట్సీ లాంటి చోట్ల, ఈ బాధే లేదు: డబ్బు కట్టాకే ఆర్డరు వస్తుంది. దానికి ప్రతి వస్తువుకూ నాలుగు నెలలకు 20 సెంట్లు, అమ్మకం మీద 6.5 శాతం, ఆపైన చెల్లింపు రుసుము ఇచ్చుకోవాలి.

చివరికి రాని సొమ్ముకూ ఒక లెక్క చెప్పాలి. ఎగుమతి సొమ్ము రప్పించుకోవడానికి రిజర్వు బ్యాంకు ఇచ్చిన గడువు 9 నెలలు ఉండేది, 2025 నవంబరులో 15 నెలలు చేసింది. 10 లక్షల రూపాయల లోపు బిల్లులను ఎగుమతిదారు ఇచ్చే ధ్రువీకరణ మీదే బ్యాంకు ముగించవచ్చని అంతకు ముందు నెలలోనే వెసులుబాటు ఇచ్చింది. కాబట్టి ఇన్వాయిస్, గుర్తుచేస్తూ పంపిన మెయిళ్ల తేదీలు, వచ్చిన జవాబులు అచ్చు తీసి బ్యాంకుకు లేఖతో ఇవ్వండి, అందినట్టు ముద్ర వేయించుకోండి.